బెల్టు కీచుమంటే తప్పు బెల్టుదేనా?

తిరుపతిలో కార్తీకమాసం వానలు పడుతున్నాయంటే మా వీధిలో పొద్దున్నే రెండు చప్పుళ్లు వినిపిస్తాయి. ఒకటి గుడి మైకు. రెండోది ఎవరో ఒకరు కారు స్టార్ట్ చేయగానే కుక్కపిల్ల తోక తొక్కినట్టు వచ్చే కీచు. నిమిషంలో ఆగిపోతుంది. కానీ ఆ నిమిషంలోనే కారు ఓనరుకు టెన్షన్ పట్టుకుంటుంది. సాయంత్రానికి ఎవరో ఒకరు మా గేటు దగ్గరికి వచ్చి, "అన్నా, బెల్టు ఇంట్లోనే మార్చుకోవచ్చంట కదా? నాలుగు పానాలు ఉంటే చాలంట?" అని అడుగుతారు. నేను మెకానిక్‌ని కాదు. పాత కార్లు కొని, చేతులు మసి చేసుకుని, అప్పుడప్పుడూ డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నవాణ్ణి.

అడిగినవాళ్లను నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఏ బెల్టు? చాలామంది 'ఫ్యాన్ బెల్టు' అంటారు. ఇది అంబాసిడర్ కాలం మాట. ఆ కారులో రేడియేటర్ వెనకుండే ఫ్యాన్‌ను నీళ్ల పంపు పుల్లీకే బిగించేవారు. ఒక్క బెల్టే దాన్నీ డైనమోనూ కలిపి తిప్పేది. ఇప్పటి చిన్న కార్లలో ఫ్యాన్‌కు సొంత మోటారు ఉంది, అది కరెంటుతో తిరుగుతుంది. బెల్టుకూ ఫ్యాన్‌కూ సంబంధం తెగిపోయి ఏళ్లు గడిచినా పేరు మాత్రం ఊడలేదు. స్పేర్ పార్ట్స్ షాపులో ఆ పేరు చెప్పినా సరైన బెల్టే ఇస్తారు కాబట్టి దానితో తంటా లేదు. తంటా అంతా ఇంకో పేరుతో వస్తుంది: టైమింగ్ బెల్టు.

టైమింగ్ బెల్టు ఇంజిన్ పక్కన మూత కింద దాక్కుని ఉంటుంది. దానికి అడ్డంగా పళ్లుంటాయి. కింద పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్టునూ పైన వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్టునూ కలిపి, పిస్టన్ పైకి వచ్చే సమయానికి వాల్వులు దారిలో లేకుండా చూస్తుంది. ఒక్క పన్ను తేడాతో వేసినా ఇంజిన్ సరిగా నడవదు. చాలా ఇంజిన్లలో అది తెగితే పిస్టన్ వెళ్లి వాల్వులకు కొట్టుకుంటుంది, ఖర్చు వేలల్లో ఉంటుంది. పాత మారుతి 800, పాత శాంత్రో, డీజిల్ ఇండికా, డీజిల్ డస్టర్ ఇంజిన్లలో ఇది ఉంటుంది. సుజుకీ కె-సిరీస్ పెట్రోల్ ఇంజిన్‌లోనూ, డీజిల్ స్విఫ్ట్‌లో వచ్చిన ఫియట్ వాళ్ల 1.3 ఇంజిన్‌లోనూ బెల్టుకు బదులు చైను ఉంటుంది. టైమింగ్ బెల్టు జోలికి ఇంట్లో వెళ్లొద్దు. ఇది పిరికి మాట కాదు. గుర్తులు కలిపి లాక్ చేసే పనిముట్లు లేకుండా అది చేసే పని కాదు.

మనం మాట్లాడుకోబోయేది మూత లేకుండా బయటికి కనిపించే డ్రైవ్ బెల్టు గురించి. బానెట్ ఎత్తి పక్కకి వంగి చూస్తే పుల్లీల మీద సాగి ఉంటుంది. ఇంజిన్ తిరిగే బలంలో కొంత తీసుకుని, కరెంటు పుట్టించి బ్యాటరీ నింపే ఆల్టర్నేటర్‌నూ, ఏసీ కంప్రెసర్‌నూ, చాలా కార్లలో నీళ్ల పంపునూ తిప్పుతుంది. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉంటే దాని పంపు కూడా దీని మీదే ఆధారపడుతుంది. కొన్ని కార్లలో అన్నిటికీ కలిపి ఒకే పొడవాటి బెల్టు ఉంటుంది, కొన్నిట్లో రెండు. ఇప్పటి చిన్న కార్లలో స్టీరింగ్‌కు మోటారు వచ్చేసింది కాబట్టి ఆ భారం తగ్గింది. డస్టర్ డీజిల్ లాంటి వాటిలో నీళ్ల పంపును టైమింగ్ బెల్టే తిప్పుతుంది.

ఇక పట్టు సంగతి. కీచు ఎందుకొస్తుందో తెలియాలంటే ముందు ఇది తెలియాలి. పొగరుమోతు ఎద్దును చేత్తో లాగి ఆపలేం. అదే పలుపును గుంజకు రెండు చుట్లు తిప్పి కొస పట్టుకుంటే పదేళ్ల పిల్లాడైనా ఆపుతాడు. పట్టు మన బలంలో కన్నా చుట్టులోనే ఎక్కువుంది. బెల్టు కూడా అంతే. పుల్లీని ఎంత మేర చుట్టుకుంది, ఎంత బిగువుగా ఉంది అన్న ఈ రెండిటి మీదే దాని పట్టు నిలబడుతుంది. మధ్యలో ఏ పనీ చేయకుండా ఊరికే తిరిగే నున్నటి పుల్లీలు కనిపిస్తాయి చూడండి, వాటిలో కొన్ని ఉన్నది బెల్టును వంచి పక్క పుల్లీ మీద చుట్టు పెంచడానికే. మామూలుగా వరుసలో అన్నిటికన్నా చిన్నది ఆల్టర్నేటర్ పుల్లీ. చిన్నది కాబట్టి ఇంజిన్ ఒక చుట్టు తిరిగేలోపు అది రెండు చుట్ల పైనే తిరుగుతుంది. చిన్నది కాబట్టే బెల్టుకు అక్కడ పట్టు తక్కువ, జారితే ముందు జారేది అక్కడే.

ఇప్పుడు కార్తీకమాసం కీచు దగ్గరికి వద్దాం. స్టార్ట్ చేయడానికి బ్యాటరీ ఒక్కసారిగా బోలెడంత కరెంటు ఇచ్చేస్తుంది. ఇంజిన్ అందుకోగానే పోయిందంతా తిరిగి నింపుకోవడానికి ఆల్టర్నేటర్‌ను గట్టిగా పీలుస్తుంది. అప్పుడు ఆల్టర్నేటర్ తిప్పడానికి బరువవుతుంది. పైగా రాత్రి వానకు బెల్టు చెమ్మగా ఉంటుంది. బరువూ చెమ్మా కలిసి ఆ చిన్న పుల్లీ మీద బెల్టు జారుతుంది. జారుడే మనకు వినపడే కీచు. నిమిషంలో చెమ్మ ఆరుతుంది, బ్యాటరీ ఆకలి తగ్గుతుంది, చప్పుడు పోతుంది. మనం పక్కనే ఉన్న కరకంబాడిలో తయారైన బ్యాటరీ వేసుకున్నా, ఇంకెక్కడిది వేసుకున్నా ముసలిదైతే ఆకలి ఎక్కువే. బెల్టు మీద నింద వేసే ముందు మల్టీమీటర్ పెట్టి చూడండి. రాత్రంతా ఆగిన కారులో బ్యాటరీ 12.6 వోల్టులకు దగ్గరగా ఉండాలి, ఇంజిన్ నడుస్తుంటే 14 అటూ ఇటూ చూపించాలి. బ్యాటరీ మార్చగానే 'బెల్టు చప్పుడు' పోయిన కార్లు మా వీధిలోనే రెండు ఉన్నాయి.

చప్పుడు ఎప్పుడు వస్తోందో గమనిస్తే సగం పని అయినట్టే. ఏసీ వేసినప్పుడే వస్తే ఏసీ కంప్రెసర్ బెల్టును అనుమానించాలి. ఇరుకు సందులో స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు మూలిగితే పవర్ స్టీరింగ్ వైపు చూడాలి. ఇంజిన్ వేగంతో పాటు కిచకిచమని పిచ్చుకలా లయగా వస్తే పుల్లీలు ఒక వరుసలో లేవని అర్థం. చప్పుడు వస్తుండగా బెల్టు లోపలి గట్ల వైపు కొంచెం నీళ్లు చిలకరించి చూడటం పాత చిట్కా. చప్పుడు కాసేపు ఆగి మళ్లీ వస్తే వరుస తప్పింది, ఇంకా పెరిగితే బిగువు చాలడం లేదు. ఇది చేసేటప్పుడు కండువా, చున్నీ, వేలాడే చొక్కా చేతులు ఉండకూడదు. తిరిగే బెల్టు వేలిని లాక్కోవడానికి రెప్పపాటు చాలు.

కీచు ఆపుతుందని డబ్బాల్లో స్ప్రే అమ్ముతారు. జిగురు లాంటిది. రెండు రోజులు చప్పుడు ఆగుతుంది, తర్వాత దుమ్ము అంటుకుని బెల్టూ పుల్లీ రెండూ పాడవుతాయి. నా మాట వింటే కొనొద్దు.

నా సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారు పొద్దున్నే కీచుమనేది. బెల్టు నేనే మార్చాను. నెలకు మళ్లీ మొదలైంది. లూజయి ఉంటుందనుకుని బాగా బిగించాను. చప్పుడు పోయింది, నాకు నేనే శభాష్ అనుకున్నాను. నాలుగు నెలలకు కీచు స్థానంలో గుర్రుమనే శబ్దం వచ్చింది. రేణిగుంట రోడ్డులో ఒక షెడ్డుకు తీసుకెళ్తే, ఆయన పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఆల్టర్నేటర్ ఒంటికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టే. తర్వాత బెల్టు తీసి పుల్లీని చేత్తో తిప్పి, నన్నూ తిప్పమన్నాడు. వేళ్లకు లోపల ఇసుక ఉన్నట్టు తగిలింది. బేరింగ్ పోయింది. నేను బిగించిన బిగింపే దాన్ని తినేసింది. అంతటితో ఆగకుండా ఒక తిన్నటి ఇనుప పట్టీ తెచ్చి కింది పుల్లీ ముఖానికీ ఆల్టర్నేటర్ పుల్లీ ముఖానికీ ఆనించాడు. ఒకవైపు ఆనింది, ఇంకోవైపు సన్నటి సందు. "బెల్టు మంచిదే సామీ. పుల్లీనే పక్కకి చూస్తా ఉండాది" అన్నాడు. ఆల్టర్నేటర్‌ను పట్టి ఉంచే బ్రాకెట్ బుష్ అరిగిపోయింది. మొదటి రోజు చూడాల్సింది అదీ. చూడకుండా నేను ఒక బెల్టుకు, ఒక బేరింగ్‌కు డబ్బు కట్టాను.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. బెల్టు ఎందుకు తీసినా సరే, తీసిన రోజే అన్ని పుల్లీలూ చేత్తో తిప్పి, ఊపి చూస్తాను. బెల్టు ఉండగా ఆ పరీక్ష చేయడం కుదరదు. ఇంట్లో మార్చుకోవడంలో అసలు లాభం ఇదేనంటాను నేను. మిగిలే కూలి డబ్బు పెద్దదేమీ కాదు.

బెల్టు అరిగిందో లేదో చూసే తీరు కూడా మారింది. పాతకాలం రబ్బరు బెల్టుకు ముందు పగుళ్లు వచ్చేవి, చూస్తే తెలిసిపోయేది. 2000 తర్వాతి కార్లలో ఎక్కువగా వచ్చేవి ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరువి. ఇవి అంత తొందరగా పగలవు, టైరు అరిగినట్టు అరుగుతాయి. పైకి నల్లగా నిగనిగలాడుతూ ఉంటాయి గానీ గాళ్లు వెడల్పయిపోయి, పుల్లీ గట్లు లోపలిదాకా దిగి, పట్టు సడలుతుంది. కాబట్టి 'పగుళ్లు లేవు, బాగుంది' అనే తీర్పు ఇప్పుడు చెల్లదు. కొత్త బెల్టు ముక్క పక్కన పెట్టి గాడి లోతు పోల్చి చూస్తే తేడా కంటికే కనిపిస్తుంది. అంచుల్లో దారాలు లేచినా, ఆయిల్ తాగి ఉబ్బినా, గట్ల మీద అద్దంలా మెరుపు ఉన్నా ఇక ఆలోచించక్కర్లేదు. ఆయిల్ తాగిందంటే ముందు లీకు ఆపాలి, లేకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది.

సరే, మార్చాల్సిందే అని తేలింది. ఇంట్లో అవుతుందా అన్నది మీ చేతి నైపుణ్యం కన్నా, మీ కారులో బెల్టును బిగువుగా ఉంచే ఏర్పాటు ఏది అన్నదాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఆల్టర్నేటర్‌నే అటూ ఇటూ జరిపి బిగించే పాత రకం ఇంట్లో అవుతుంది. స్ప్రింగు చేయి ఉన్న ఆటో టెన్షనర్ రకం ఇంకా సులువు: ఆ చేతికి ఇచ్చిన బోల్టు తల మీదో చదరపు రంధ్రంలోనో పొడవాటి పానా వేసి తిప్పితే బెల్టు వదులవుతుంది, నున్నటి పుల్లీ మీంచి జారుస్తే వచ్చేస్తుంది. ఎటు తిప్పాలో ముందే చూసుకోవాలి. టెన్షనర్‌ను ఇంజిన్‌కు పట్టి ఉంచే బోల్టును విప్పడం మాత్రం తప్పు. మూడోది ఏ సర్దుబాటూ లేని సాగే బెల్టు. పాతదాన్ని కోసేసి, కొత్తదాన్ని ప్రత్యేకమైన పనిముట్టుతో పుల్లీ మీదికి ఎక్కిస్తారు. స్క్రూడ్రైవర్‌తో ఎక్కించబోతే లోపలి తీగలు తెగుతాయి. దాన్ని షెడ్డుకే వదిలేయండి. 2015లో సియాజ్‌తో మొదలైన సుజుకీ స్మార్ట్ హైబ్రిడ్ కార్లనూ ఇదే లెక్కలో వేయండి. వాటిలో బెల్టు జనరేటర్‌ను తిప్పడమే కాదు, ఆగిన ఇంజిన్‌ను తిరిగి స్టార్ట్ చేస్తుంది కూడా. దానికి కంపెనీ చెప్పిన బెల్టే పడాలి.

పాత రకం మీదే కాసేపు ఉంటాను, మన వీధుల్లో ఎక్కువ అవే కాబట్టి. ఇంజిన్ చల్లబడాలి, తాళం జేబులో ఉండాలి, బ్యాటరీ నెగెటివ్ తీగ ఊడదీయాలి. ఫోన్‌తో బెల్టు దారిని రెండు మూడు వైపుల నుంచి ఫొటో తీయండి. ఈ ఒక్క పని మర్చిపోయి, అరగంట పనిని చీకటి పడేదాకా సాగదీసినవాళ్లను చూశాను. చాలా చిన్న కార్లలో బెల్టులు డ్రైవరు వైపు ఉంటాయి. పైనుంచి చేయి పట్టకపోతే ఆ వైపు ముందు చక్రం విప్పి, లోపలి ప్లాస్టిక్ తట్ట తీస్తే అంతా ఎదురుగా కనిపిస్తుంది. జాకీని నమ్మి కారు కింద చేయి పెట్టొద్దు, స్టాండు వేయాల్సిందే. మా వీధి లాంటి వాలు రోడ్డు మీద అసలే వద్దు.

ఆల్టర్నేటర్‌కు కింద ఇరుసులా ఒక బోల్టు, పైన జారుడు పట్టీ మీద ఒక బోల్టు ఉంటాయి. సాధారణంగా 12, 14 సైజు పానాలు పడతాయి. రెండూ ముందు సడలించాలి, ఊడదీయక్కర్లేదు. తర్వాత ఆల్టర్నేటర్‌ను అటూ ఇటూ జరిపే మూడో బోల్టును, అంటే సర్దే బోల్టును, వదులుగా తిప్పితే ఆల్టర్నేటర్ ఇంజిన్ వైపు వాలుతుంది, బెల్టు వచ్చేస్తుంది. ఇరుసు బోల్టు సడలించకుండా సర్దే బోల్టును తిప్పి దాని మరలు కొరికేయడం అందరూ చేసే పొరపాటు. రెండు బెల్టులుంటే బయటిది తీస్తేనే లోపలిది వస్తుంది. అలాంటప్పుడు లోపలిదొక్కటే మార్చి, పాత బయటిదాన్ని తిరిగి వేయడం పిసినారితనమే.

షాపుకు పాత బెల్టు తీసుకెళ్లండి. దాని వీపు మీద 4పీకే815 లాంటి అంకె ఉంటుంది. ముందున్న 4 అంటే నాలుగు గట్లు. పీకే అంటే ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు 3.56 మి.మీ. దూరం ఉండే రకం. చివరి 815 పొడవు, మిల్లీమీటర్లలో. కాబట్టి ఈ బెల్టు వెడల్పు 14 మి.మీ. పైచిలుకు. పాతదాన్ని టేపు పెట్టి కొలిచి కొనొద్దు, అంకె చూసి కొనండి. 'పది మిల్లీమీటర్లు పెద్దదైతే ఏమైంది, సర్దుకుంటుంది' అని షాపులో అంటే ఒప్పుకోవద్దు. సర్దే బోల్టు చివరిదాకా వెళ్లిపోతే రేపు బిగించడానికి చోటు మిగలదు.

కొత్త బెల్టు వేశాక ప్రతి గట్టూ తన గాడిలోనే కూర్చుందా అని వేలితో తడిమి చూడాలి. ఒక గాడి పక్కకి పడినా కంటికి తెలియదు, గంటలో అంచు చీరుకుపోతుంది. క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి, ఇంజిన్ మామూలుగా తిరిగే వైపే చేత్తో రెండు చుట్లు తిప్పి మళ్లీ తడమండి.

బిగువు ఎంత? మాన్యువల్‌లో అంకె ఉంటే దాని తర్వాతే ఎవరి మాటైనా. సాధారణంగా రెండు పుల్లీల మధ్య పొడవాటి చోట పది కిలోల బరువు పెట్టినట్టు బొటనవేలితో నొక్కితే ఇన్ని మిల్లీమీటర్లు దిగాలి అని రాసి ఉంటుంది. కొత్త బెల్టుకు ఒక లెక్క, వాడినదానికి ఒక లెక్క ఉంటుంది. కొత్తది కొంచెం బిగువుగా ఉండాలి. మాన్యువల్ లేకపోతే షెడ్డుల్లో వాడే మోటు కొలత ఒకటుంది: అదే చోట బెల్టును రెండు వేళ్లతో మెలితిప్పితే పావు చుట్టు తిరగాలి. అంతకన్నా సులువుగా తిరిగితే లూజు, అసలు తిరగకపోతే నేను చేసిన తప్పు. ముందు పై బోల్టు, తర్వాత ఇరుసు బోల్టు బిగించాక బిగువు మళ్లీ చూడండి, బిగించేటప్పుడు కొంచెం మారుతుంది.

ఇంతా ఎందుకు అనిపిస్తే తిరుమల కొండ కింద అలిపిరి టోల్‌గేట్ దగ్గర ఎండాకాలం క్యూలో నిలబడి చూడండి. ఏసీ ఆగకుండా నడుస్తుంది, గాలి తగలదు, బానెట్ కింద నిప్పుల కొలిమి. చెకింగ్ దాటగానే 1974లో వేసిన రెండో ఘాట్ రోడ్డు మీద సెకండ్ గేరులో ఎక్కుడు. పాత బెల్టు తెగడానికి ఇంతకన్నా మంచి చోటు ఉండదు. తెగితే ముందు ఎర్రటి బ్యాటరీ బొమ్మ వెలుగుతుంది. నీళ్ల పంపు కూడా అదే బెల్టు మీద ఉంటే కాసేపట్లో టెంపరేచర్ ముల్లు లేస్తుంది. 'పైకి ఎక్కాక చూసుకుందాం' అనుకుంటే సిలిండర్ హెడ్ వంగిపోతుంది. కారును పక్కకి తీసి ఇంజిన్ ఆపేయాలి, వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదు. తెగింది ఏసీ బెల్టొక్కటే అయితే, దాని పీలికలు పక్క బెల్టుకు చుట్టుకోలేదని చూసుకుని ఏసీ లేకుండా వెళ్లొచ్చు. హైడ్రాలిక్ స్టీరింగ్ బెల్టు తెగితే మాత్రం, 1944 నాటి మొదటి ఘాట్ మలుపుల్లో దిగేటప్పుడు స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటుంది. దిగేముందు ఎవరినైనా పిలవడమే మంచిది.

కొత్త బెల్టు వేసి రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి బానెట్ ఎత్తి, మళ్లీ అదే పావు చుట్టు చూడండి. గాళ్లలో సర్దుకుని కొంచెం సడలి ఉంటుంది. నేను తీసిన పాత బెల్టు మరీ చీలికలు కాకపోతే పారేయను. చుట్టి, పాలిథిన్ కవర్లో పెట్టి, 12, 14 పానాలతో కలిపి డిక్కీలో స్టెప్నీ కింద పడేస్తాను. మా ఆవిడ ఏడాదికోసారి డిక్కీ సర్దుతూ ఆ కవరు పైకెత్తి, "ఈ చెత్త ఇంకా ఎందుకండీ?" అంటుంది. మళ్లీ అక్కడే పెట్టేస్తుంది.